రెండో బోనులోని ఎలుకలు

ప్రకాశం జిల్లా దర్శి చుట్టుపక్కల ఉన్న మా బంధువుల వాట్సాప్ గ్రూపులో, మిరపకు మందులు కొట్టే రోజులు మొదలవగానే ఒక వార్తా కత్తిరింపు తిరగసాగింది. పురుగుమందుల వల్ల కాలేయానికీ మూత్రపిండాలకూ జరిగే హానిని మునగాకు సారం అడ్డుకున్నట్టు ఎలుకల మీద జరిపిన ప్రయోగంలో తేలిందన్నది దాని సారాంశం. ఒకటి రెండు రోజుల్లో అది ఎవరిదో గొంతుతో ఆడియోగా మారింది. ఎలుకల ప్రస్తావన ఆ ఆడియోలోనే రాలిపోయింది. తరువాత మునగాకుకు పసుపు, మిరియాలు, తిప్పతీగ తోడయ్యాయి. చివరకు అది మందు కొట్టబోయేవాళ్లు పరగడుపున గ్లాసెడు తాగి వెళ్లవలసిన కషాయంగా స్థిరపడింది. మా బావ తన మిరప చేలో పనిచేసే కూలీలకు దాన్ని సొంత ఖర్చుతో కాచి ఇవ్వడం మొదలుపెట్టాడు.

నేను జంతుశాస్త్రం చదువుకున్నవాణ్ణి. పరిశోధన చేసే రోజుల్లో ఇటువంటి ప్రయోగాలు జరిగే గదిలోనే నా బల్ల కూడా ఉండేది కనుక, ఆ కత్తిరింపులోని వాక్యం ఎలా తయారవుతుందో దగ్గరగా చూశాను. ఆ ప్రయోగాలు అబద్ధాలని నేననను. చాలా భాగం నిజాయతీగా చేసినవే. అయితే వాటిలో మనకు పనికివచ్చే కబురు ఒక బోనులో ఉంటే మనం మరో బోను దగ్గర నిలబడి చప్పట్లు కొడుతున్నామని నాకు చాలాకాలంగా అనిపిస్తున్నది. ఆ సంగతే ఇక్కడ కాస్త విపులంగా చెప్పదలచుకున్నాను.

నాలుగు బోనులు

ఈ ప్రయోగాల నమూనా దాదాపు ఒకటే. ప్రయోగశాలల్లో పెంచే విస్టార్ రకం తెల్ల ఎలుకలను నాలుగు గుంపులు చేస్తారు, గుంపుకు ఆరేసి చొప్పున. మొదటి గుంపుకు మామూలు మేత, నీళ్లు. రెండో గుంపుకు మేతతో పాటు రోజూ కొంత పురుగుమందు. మూడో గుంపుకు అదే పురుగుమందు, దానితో పాటు మొక్క సారం. నాలుగో గుంపుకు మొక్క సారం మాత్రమే. మందును మొక్కజొన్న నూనెలో కలిపి, కొన గుండ్రంగా ఉండే వంపు సూదితో నేరుగా కడుపులోకి దింపుతారు. 28 రోజులో, ఇంకొంత ఎక్కువో గడిచాక రక్తం తీసి కాలేయం దెబ్బతిన్నదీ లేనిదీ తెలిపే ఎంజైములనూ, మూత్రపిండాల కోసం క్రియాటినిన్‌నూ కొలుస్తారు. కణజాలంలో కొవ్వులు ఆక్సీకరణకు గురైనప్పుడు పుట్టే మాలోండైఆల్డిహైడ్ ఎంత పెరిగిందో, శరీరం తన రక్షణకు ఉంచుకునే గ్లూటాథయోన్ ఎంత తరిగిందో చూస్తారు. మూడో బోనులో ఈ అంకెలన్నీ రెండో బోను కంటే మెరుగ్గా ఉంటాయి. మొదటి బోను స్థాయికి పూర్తిగా చేరడం అరుదు. ‘గణనీయంగా తగ్గింది’ అని రాస్తారు, అది గణాంకశాస్త్రం ప్రకారం సరైన మాటే.

పత్రం శీర్షిక మూడో బోను గురించి ఉంటుంది, పత్రికలో వార్తా దాని గురించే వస్తుంది. రెండో బోను ఒక పోలిక కోసం పెట్టినదిగా, అందరికీ తెలిసిన విషయంగా పక్కకు జరిగిపోతుంది. కానీ ఆ బోనులో ఏముందో చూడండి. అక్కడి ఎలుకలకు ఇచ్చేది చంపే మోతాదు కాదు. సగం ఎలుకలను చంపగలిగే మోతాదులో పదో వంతో, ఇరవయ్యో వంతో ఇస్తారు. అవి మేత తింటాయి, తిరుగుతాయి, పైకి జబ్బుగా కనిపించవు. కోసి చూసినప్పుడు మాత్రం కాలేయ కణాలు ఉబ్బి, సన్నని రక్తనాళాలు వెడల్పై, అక్కడక్కడ కణాలు చచ్చి కనిపిస్తాయి. ఏ రోజూ కళ్లు తిరిగి పడిపోని, ఆసుపత్రి మెట్లు ఎక్కని, సీజనంతా మందు కొట్టే మనిషి పరిస్థితికి ఇంతకంటే దగ్గరి చిత్రం నాకు తెలియదు. ఇటువంటి పత్రాలు కొన్ని వందలు ఉన్నాయి. అన్ని వందల సార్లూ రెండో బోను చెప్పింది ఒకటే. మూడో బోనులో మాత్రం మొక్క మారుతూ ఉంటుంది: పసుపు, ఉసిరి, తులసి, నేలవేము, ఉల్లిలోని క్వెర్సెటిన్, టమాటాలోని లైకోపీన్. పురుగుమందు ఒకటి, మొక్క ఒకటి, అవయవం ఒకటి ఎంచుకుంటే పరిశోధనాంశం సిద్ధమయ్యే పద్ధతి ఒకటి మన విశ్వవిద్యాలయాల్లో స్థిరపడింది. ఖర్చు తక్కువ, మూడేళ్లలో పూర్తవుతుంది, ఫలితం దాదాపు ఎప్పుడూ సానుకూలమే. పని చేయని ఆకు గురించి పత్రం రాసినవారు బహు అరుదు.

ఇక్కడ నన్ను నేనే ఒక ప్రశ్న వేసుకోక తప్పదు. ఎలుకకు ఇచ్చే మోతాదు మనిషికి తగిలేదాని కంటే చాలాసార్లు ఎక్కువే. రెండో బోనును నమ్మి మూడో బోనును నమ్మననడం ఏం న్యాయం? నా జవాబు ఇది. రెండో బోను చెప్పిన హానికి మనుషుల్లో సాక్ష్యం విడిగా ఉంది. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. వారు మందు తాగినవారు కారు, కొట్టినవారు. ఆర్గానోఫాస్ఫేట్లనే రకం పురుగుమందులు కొట్టేవారి రక్తంలో, నరాల పనికి అవసరమైన కోలినెస్టరేజ్ అనే ఎంజైము తగ్గడాన్ని అనేక దేశాల్లో కొలిచారు. మూడో బోను చెప్పిన రక్షణకు, మందు కొట్టే మనుషుల్లో అంత బరువైన సాక్ష్యం లేదు. పైగా రెంటిలో పొరపాటు పడితే జరిగే నష్టం సమానం కాదు. హాని ఉందని అతిగా నమ్మినవాడు ఒక సబ్బు బిళ్ల ఎక్కువ అరగదీస్తాడు, రక్షణ ఉందని అతిగా నమ్మినవాడు తువ్వాలు తీసేస్తాడు.

తువ్వాలు తీయడం ఉదాహరణకు అన్నది కాదు. బావ చేను దగ్గర తైవాన్ పంపు వీపున వేసుకున్న కుర్రవాడొకడు ముఖానికి గుడ్డ లేకుండా మందు కొడుతుంటే ఎందుకని అడిగాను. “కషాయం తాగాం గదా సార్, ఇంక తువ్వాలెందుకు? ఊపిరాడదు” అన్నాడు. నిజానికి తువ్వాలు గొప్ప రక్షణేమీ కాదు, మందుతో తడిస్తే అదే మూతికి అంటుకున్న పట్టీ అవుతుంది. నేను చూసింది అతని వీపు. ట్యాంకు మూత దగ్గర కారిన ద్రావకంతో చొక్కా నడుము దాకా తడిసి ఉంది. పిచికారీ చేసేవారికి మందు ఎక్కువగా చేరే దారి ముక్కు కంటే చర్మమే. తడిసిన చొక్కా, తడిసిన లుంగీ గంటల తరబడి ఒంటిని అంటిపెట్టుకుని ఉంటాయి, చెమట పట్టిన చర్మం, గజ్జల దగ్గరి పలుచని చర్మం మరింత తేలికగా పీల్చుకుంటాయి. అంతకుముందు నాకు తెలిసినంతవరకు ఆ కుర్రవాడు తువ్వాలు లేకుండా చేలోకి దిగేవాడు కాదు.

విషం పట్టుకునే చోటు

ప్రొఫెనోఫాస్, అసిఫేట్, క్లోర్‌పైరిఫాస్ వంటివి ఆర్గానోఫాస్ఫేట్ కుటుంబానికి చెందినవి. ఇవి ముందుగా పట్టుకునేది నరాల చివరల ఉండే ఎసిటైల్‌కోలిన్ ఎస్టరేజ్ అనే ఎంజైమును; రక్తంలో కొలిచే కోలినెస్టరేజ్ ఈ రకానిదే. ఒక నరం సందేశం పంపాక ఆ సందేశపు రసాయనాన్ని తుడిచివేయడం దాని పని. అది పట్టుబడితే సందేశం ఆగదు. నోట నీళ్లు, కంట నీళ్లు కారతాయి, కంటిపాప చిన్నదవుతుంది, కండరాలు అదురుతాయి, ఊపిరితిత్తుల్లో ద్రవం చేరుతుంది. యాంటీఆక్సిడెంట్లు, అంటే పసుపు, మునగాకు వంటివాటిలో ఉండి ఆక్సీకరణను తగ్గించే పదార్థాలు, అడ్డుకుంటాయని చెప్పే ఆక్సీకరణ ఒత్తిడి నిజమైనదే, కాలేయంలో ఆ మందును విడగొట్టేటప్పుడూ ఆ తరువాతా అది పుడుతుంది. కానీ అది ఈ వరుసలో తరువాతి మెట్టు. పసుపుతోనో మునగాకుతోనో దాన్ని అదుపు చేయబూనడం కాలువకు గండి పడిన చోటు వదిలేసి చివరి మడిలో నీళ్లు తోడడం వంటిది. తోడినందువల్ల ఆ మడికి మేలు లేదని కాదు.

పట్టుబడిన ఎంజైము కొంత సేపటికి విడదీయలేని స్థితికి చేరుతుంది. ఆ తరువాత శరీరం కొత్తది తయారు చేసుకోవలసిందే. ఎర్ర రక్తకణాల్లోని ఎంజైము కొత్త కణాలు పుట్టే వేగంతోనే, అంటే రోజుకు సుమారు 1 శాతం చొప్పున మాత్రమే కోలుకుంటుంది. మిరపలో 2021లో నల్ల తామర పురుగు విరుచుకుపడిన ఏడాది మన జిల్లాలో పిచికారీల మధ్య ఎడం ఎంత కుదించుకుపోయిందో రైతులందరికీ గుర్తే. మొదటి దెబ్బ నుంచి కోలుకోకముందే రెండోది, దానిపైన మూడోది పడతాయి. రోజూ ఊరికొక చేను చొప్పున తిరిగి మందు కొట్టడమే వృత్తిగా ఉన్నవాళ్ల సంగతి వేరే చెప్పనక్కరలేదు. అదీగాక ప్రయోగశాల ఎలుకకు తగిలేది ఒక్క మందు. మన డ్రమ్ములో రెండు పురుగుమందులు, ఒక తెగులుమందు, మందుల దుకాణంవాడు అంటగట్టిన టానిక్కు కలిసి ఉంటాయి. ఇమిడాక్లోప్రిడ్, ఫిప్రోనిల్ వంటివి నరాల మీద పనిచేసే తీరే వేరు. ఒక కషాయం వీటన్నిటికీ ఎలా విరుగుడవుతుందో ఆ ఆడియోలోని గొంతు చెప్పలేదు.

ఆర్గానోఫాస్ఫేట్ విషానికి నిజంగా ప్రాణం నిలిపే ఒక మొక్క పదార్థం ఉంది. అది అట్రోపిన్. బెల్లడోనా మొక్కలోనూ, మన గట్ల మీద పెరిగే ఉమ్మెత్తలోనూ ఉంటుంది; మిరప, పొగాకు, ఉమ్మెత్త మూడూ ఒకే కుటుంబపు మొక్కలు. అది యాంటీఆక్సిడెంటుగా పనిచేయదు, ఆగని నరాల సందేశం అవయవాన్ని చేరకుండా అడ్డుపడుతుంది. దాన్ని కూడా వైద్యులు సూదిమందుగా, ఊపిరితిత్తులు తేటపడేదాకా నాడి చూస్తూ మోతాదు పెంచుకుంటూ ఇస్తారు. ఉమ్మెత్త తిన్నవాడు బాగుపడడు, పిచ్చెత్తి పడిపోతాడు. మొక్కలో గుణం ఉండడం వేరు, ఆ గుణం తగిన మోతాదులో తగిన చోటికి తగిన వేళకు చేరడం వేరని ఈ ఒక్క ఉదాహరణతోనే తేలిపోతుంది.

పసుపు లెక్క

మోతాదు మాట వచ్చింది కనుక లెక్క వేసి చూద్దాం. ఎలుకల ప్రయోగాల్లో తరచుగా కనిపించే, పసుపులోని ముఖ్య పదార్థమైన కర్కుమిన్ మోతాదు కిలో బరువుకు 100 మిల్లీగ్రాములు. ఎలుక మోతాదును మనిషికి మార్చేటప్పుడు శరీర ఉపరితలాన్ని బట్టి 6.2తో భాగించడం వాడుక. కిలోకు 16 మిల్లీగ్రాములు వస్తుంది. 60 కిలోల మనిషికి దాదాపు 1 గ్రాము. పసుపులో కర్కుమిన్ 3 శాతం అటూ ఇటూగా ఉంటుంది కనుక 1 గ్రాము కర్కుమిన్ కావాలంటే రోజుకు 30 గ్రాములకు పైగా పసుపు తినాలి. అది కూరలో వేసే చిటికెడు కాదు, గుప్పెడు. కషాయంలో చెంచాడు వేసినా ప్రయోగంలోని మోతాదుకు అది ఆమడ దూరంలోనే ఉంటుంది.

మిరియాలు కలిపితే ఆ లోటు తీరుతుందని గ్రూపులో ఒకరు రాశారు. ఆ మాటకు ఆధారం ఉంది. 1998లో బెంగళూరు పరిశోధకులు 2 గ్రాముల కర్కుమిన్‌తో పాటు మిరియాల్లోని పైపరిన్ 20 మిల్లీగ్రాములు ఇచ్చినప్పుడు మనుషుల రక్తంలోకి చేరే కర్కుమిన్ 20 రెట్లు పెరిగింది. ఎలా పెరిగిందన్నది మాత్రం ఎవరూ అడగరు. పరాయి పదార్థాలను బయటకు పంపడానికి కాలేయమూ పేగులూ వాడే ఎంజైములను పైపరిన్ నెమ్మదింపజేస్తుంది. అందువల్లే కర్కుమిన్ ఎక్కువసేపు నిలుస్తుంది. మందు కొట్టబోయే రోజున, పరాయి రసాయనాలను సాగనంపే యంత్రాంగాన్ని కావాలని నెమ్మదింపజేయడం మేలో కీడో తేల్చకుండానే కషాయంలో మిరియాలు వేస్తున్నాం.

ఆకులూ దుంపలూ కదా, మేలు చేయకపోయినా కీడు చేయవన్న వాదన ఒకటి మిగిలింది. ఇది అన్నిటికంటే బలంగా వినిపించే వాదన. వంటలో వాడినంతవరకు నాకు అభ్యంతరం లేదు. మందుగా, రోజూ, మోతాదు పెంచి వాడినప్పుడు సంగతి మారుతుంది. తిప్పతీగ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న ఆరుగురి గురించి 2021లో ముంబై వైద్యులు ప్రచురించారు. అది అసలు తిప్పతీగేనా, దాన్ని పోలిన మరో తీగా అని ఆయుష్ మంత్రిత్వ శాఖ ప్రశ్నించింది. ఆ ప్రశ్న సమంజసమే అయినా, గట్టు మీద తీగను తెంపుకొచ్చే కూలీకి అది ఊరట కాదు. పసుపును రోజుకు 3 గ్రాముల లోపు మోతాదులో తీసుకున్నవారి మూత్రంలో ఆక్సలేట్ పెరిగినట్టు 2008లో ఒక అధ్యయనం చూపింది. ఆక్సలేట్ మూత్రపిండాల్లో రాళ్లకు ముడిసరుకు. ఎండకు ఒంట్లో నీరు ఇంకిపోయే మన ప్రాంతంలో, అందులోనూ ఫ్లోరైడ్ నీళ్లకూ కిడ్నీ జబ్బులకూ పేరుపడ్డ కనిగిరి వైపు, మూత్రపిండాలను కాపాడతాయని నమ్మి ఇటువంటివి గుప్పిళ్లతో మింగడం నాకు భయం కలిగిస్తుంది. ఫిన్లండ్‌లో 29 వేల మందికి పైగా పొగతాగే మగవారి మీద జరిపి 1994లో ప్రకటించిన పరీక్షలో, క్యారెట్టులో ఉండే బీటా కెరోటిన్‌ను మాత్రలుగా తీసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం పెరిగింది. యాంటీఆక్సిడెంటు కాపాడుతుందన్న నమ్మకంతోనే ఆ పరీక్ష మొదలైంది.

కొట్టిపారేయలేనివి

ఇంతవరకు రాసింది చదివితే నేను ఈ ఆలోచననే తోసిపుచ్చుతున్నానని అనిపించవచ్చు. అలా తోసిపుచ్చలేను. విషపు పుట్టగొడుగులు తిన్నవారికి యూరప్‌లో సిలిబినిన్ అనే మొక్క పదార్థాన్ని సూదిమందుగా ఇస్తారు. పారాసిటమాల్ అతిగా మింగినవారికి ఇచ్చే ఎన్-ఎసిటైల్‌సిస్టీన్ చేసే పని కాలేయంలో తరిగిపోయిన గ్లూటాథయోన్‌ను తిరిగి నింపడమే. చైనాలోని కిదోంగ్‌లో 291 మందితో జరిపి 2014లో ప్రకటించిన పరీక్షలో, బ్రోకలీ మొలకల పానీయం 12 వారాలు తాగినవారి శరీరం గాలిలోని బెంజీన్‌ను 61 శాతం ఎక్కువగా మూత్రంలోకి పంపింది. అది పురుగుమందు కాదు, కొలిచింది అవయవాల ఆరోగ్యాన్నీ కాదు. అయినా మనుషుల మీద, బ్రోకలీ లేని పానీయంతో పోల్చి చేసిన పరీక్ష. మునగాకుకు కూడా ఏదో ఒకనాడు అటువంటి సాక్ష్యం దొరకదని నేను చెప్పలేను.

అసలు నా దృష్టిలో ఆహారం వైపు నుంచి వచ్చే అత్యంత బలమైన ప్రతివాదం మొక్కల రసాయనాలది కాదు, మాంసకృత్తులది. గ్లూటాథయోన్ మూడు అమైనో ఆమ్లాల నుంచి తయారవుతుంది, అందులో సిస్టీన్ సరిపడా దొరకాలంటే గుడ్డో, పాలో, పప్పో, చేపో కడుపులో పడాలి. మాంసకృత్తులు తక్కువైన మేత తిన్న ఎలుకల మీద అనేక పురుగుమందుల విషం ఎక్కువగా పనిచేస్తుందని 1960లలోనే చూపారు. ప్రయోగశాల ఎలుకకు లెక్క ప్రకారం మంచి మేత దొరుకుతుంది; తెల్లవారుజామున టీ తాగి చేలోకి దిగేవాడికి అది కూడా దొరకదు. పరగడుపున కషాయం తాగించే డబ్బుతో రెండు ఉడికించిన గుడ్లు పెట్టమని బావతో అన్నాను. గుడ్లు పెడుతున్నాడు. కషాయం కూడా మానలేదు.

బావ వైపు వాదన కూడా రాయాలి, అది తేలిక వాదన కాదు. “నువ్వు చెప్పావని గ్లవ్స్ కొన్నా. రెండో ట్యాంకుకే తీసి గట్టు మీద పెట్టారు. కషాయమైతే తాగుతారు. తాగేదాన్నే ఇచ్చా” అన్నాడు. గ్లవ్స్ ఎందుకు తీశారో కూలీలను అడిగితే చెయ్యి చెమటతో నాని జారిపోతున్నదని, మూత తిప్పడానికి ఆలస్యమవుతున్నదని చెప్పారు. మందు కొట్టే పనికి కూలి ట్యాంకు లెక్కన. ఎన్ని ట్యాంకులు కొడితే అంత డబ్బు. ఆలస్యం చేసే ప్రతి జాగ్రత్తా వాళ్ల కూలిలోంచి కోతే. కషాయానికి ఆ ఇబ్బంది లేదు. ఎవరి వేగమూ తగ్గదు, రైతు ఖర్చు పెరగదు, మందు అమ్మినవాడికి బాధ్యత ఉండదు, ప్రభుత్వానికి పని ఉండదు. అది అంత త్వరగా వ్యాపించడానికి కారణం దాని గుణం కంటే ఇదేనని నా అనుమానం. రోజు కూలికి మార్చమని అడిగాను. బావ ఒప్పుకున్నా కుర్రవాళ్లు ఒప్పుకోలేదు, ట్యాంకు లెక్కయితే మధ్యాహ్నానికి మరో చేను దొరుకుతుందన్నారు. గట్టు మీద ఒక డ్రమ్ము మంచినీళ్లు, సబ్బు, మార్చుకోవడానికి పొడి చొక్కా వరకు కుదిరింది. మందు నీళ్లు కలిపి అందించే ఆడవాళ్లకూ, ఆ చొక్కాలు ఇంటి దగ్గర ఉతికే భార్యలకూ గ్లవ్స్ ఇవ్వడం గురించి నేను చెప్పేదాకా ఎవరూ అనుకోలేదు. కషాయం కూడా వాళ్లకు పోయలేదు.

కొలవవలసినది

కాలిఫోర్నియాలో ఆర్గానోఫాస్ఫేట్లతో పనిచేసే కూలీల రక్తంలో కోలినెస్టరేజ్‌ను 1974 నుంచి క్రమం తప్పకుండా కొలుస్తున్నారు. సీజనుకు ముందు ఒకసారి కొలిచి పెట్టుకుంటారు. ఎర్ర రక్తకణాల్లోని ఎంజైము అందులో 70 శాతానికి పడిపోతే ఆ మనిషిని ఆ పని నుంచి తప్పిస్తారు, 80 శాతానికి తిరిగి చేరాకే మళ్లీ పంపుతారు. మన దేశంలోనూ 1971 నాటి పురుగుమందుల నియమాల్లో ఈ మందుల పని చేసేవారికి వైద్య పరీక్షలు, ఆర్గానోఫాస్ఫేట్లతో పనిచేసేవారికి కోలినెస్టరేజ్ పరీక్ష గురించి రాసి ఉంది. ట్యాంకు లెక్కన చేనుచేనుకూ తిరిగే కూలీకి యజమాని ఎవరో చెప్పడమే కష్టం కాబట్టి ఆ నియమం అతని దాకా రాదు. గ్రామస్థాయి రైతు కేంద్రాల్లో భూమికి పరీక్ష చేయించి కార్డు ఇచ్చే మనం, ఆ భూమిలో మందు కొట్టేవాడి రక్తానికి సీజనుకు ముందొకసారి, మధ్యలో ఒకసారి పరీక్ష చేయించడం అసాధ్యమేమీ కాదు.

ఆ పరీక్ష ఉంటే మునగాకు తగవు కూడా తేల్చుకోవచ్చు. దర్శి, ముండ్లమూరు, కురిచేడు మండలాల్లో మందు కొట్టే కూలీలను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు తూకం ప్రకారం మునగాకు పొడి, రెండో జట్టుకు రంగూ రుచీ కలిసిన మరో ఆకు పొడి ఇచ్చి, సీజను పొడుగునా కోలినెస్టరేజ్‌నూ కాలేయపు ఎంజైములనూ కొలవవచ్చు. ఇటువంటి పరీక్షకు ప్రతిపాదన రాయడానికి కూర్చుంటే మొదటి పేజీలోనే ఒక చిక్కు వస్తుంది. రెండో బోనులోని ఎలుకలకు విషం పోసినట్టు మనుషులను ఏ రక్షణా లేకుండా చేలోకి పంపడానికి ఏ నైతిక సంఘమూ అనుమతించదు. రెండు జట్లకూ కారని పంపు, గ్లవ్స్, నిండు చేతుల చొక్కా, సబ్బు నీళ్లు ఇచ్చిన తరువాతే పొడి ఇవ్వమంటుంది. అవన్నీ సక్రమంగా ఇచ్చాక రెండు జట్ల మధ్య తేడా పట్టుకోవడానికి ఎంతమంది కూలీలు కావాలో లెక్క వేయమని గణాంకశాస్త్రం చెప్పే మిత్రుణ్ణి అడిగాను. మూడు మండలాలు చాలవన్నాడు.